బండికి అన్నం

ప్లగ్గు పీకబోతూ వనజ ఒకసారి చుట్టూ చూసింది. తన ఇంటి పెరడే, తన చేతికి అందే ఎత్తులో ఉన్న ప్లగ్గే. అయినా పరాయి ఇంట్లో దొంగతనానికి వచ్చినట్టే చూసింది. అత్త ఇంకా లేవలేదు. మొగుడు రాఘవేందర్ గురక పెరటి దాకా వినిపిస్తోంది. కాళ్ళ దగ్గర రెండు బొంతలు, ఒక దుప్పటి, మూడేళ్ళ భవ్య గౌను కుప్పగా పడి ఉన్నాయి. తెల్లవారేసరికి పిల్లకు కడుపు జారి పక్కంతా ఖరాబైంది. ఇవాళ అందరూ కొల్లాపూర్ పోయి ఆడబిడ్డ మాలతికి శ్రీమంతం చేసి, కాన్పుకని గద్వాలకు తీసుకురావాలి. వచ్చిన మనిషి పడుకోవలసింది ఈ బొంతల మీదే. చేత్తో ఉతుకుదామంటే కుడి మణికట్టు బకెట్ కూడా ఎత్తనివ్వడం లేదు.

పెరటి గోడకున్న ఆ పెద్ద ప్లగ్గు నిన్నమొన్నటి దాకా వాషింగ్ మిషన్‌ది. పట్టుచీరల కొంగులకు కుచ్చులు కట్టిన పైసలతో వనజ తెచ్చుకున్న మిషన్ అది. కరెంటు కారు ఇంటికి వచ్చిన రోజున రాఘవేందర్ ఇల్లంతా తిరిగి చూసి, బండి లోడును తట్టుకునే ప్లగ్గు ఇదొక్కటే ఉందని తేల్చాడు. మీటరు దగ్గర నుంచి వేరే వైరు లాగాలని కరెంటు పనివాడు చెబితే "తర్వాత చూద్దాం తియ్యి" అన్నాడు. ఆ తర్వాత అనేది ఇంకా రాలేదు. మిషన్ మీద పాత చీర కప్పి, దాని మీద కారు తుడిచే బకెట్టూ గుడ్డా పెట్టారు. వనజ మళ్ళీ బండమీద బట్టలు ఉతకడం మొదలుపెట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు. అనడానికి అక్కడ ఏదైనా జరిగిందని ఆమెకే అనిపించలేదు.

ఇప్పుడు బండి ప్లగ్గు పీకి మిషన్ ప్లగ్గు పెట్టింది. మిషన్ తిరిగినంతసేపూ దాని మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది, అట్లా పట్టుకుంటే చప్పుడు తగ్గుతుందన్నట్టు. బొంతలు తీగ మీద ఆరేసి బండి ప్లగ్గు మళ్ళీ పెడుతుండగానే లోపల భవ్య ఏడ్చింది. పరుగెత్తింది. ప్లగ్గు పెట్టిందే కానీ గోడ మీద స్విచ్చు వేయడం మరిచింది.

ఆ వీధిలో అది మొదటి కరెంటు కారు. మగ్గాల ఇళ్ళ మధ్య సన్నని సందులో తెల్లగా మెరుస్తూ నిలబడితే, వచ్చిన మొదటి వారం ఇంటి ముందు జాతర లెక్క అయింది. వచ్చినవాళ్ళందరికీ వనజే టీ పెట్టింది. "ఛార్జర్ యాడనన్న మర్సిపోతే బండి ఆడనే ఉంటదా?" అన్నారు ఒకరు. "వానల తడిస్తే షాక్ గొడ్తదేమో, నేనైతే ముట్ట" అన్నారు ఇంకొకరు. ఎదురింటి కురుమూర్తి తాత చుట్టూ రెండుసార్లు తిరిగి, ముందు మూత తెరిపించి చూసి, "ఇంజనే లేదు గదరా, లోపల ఎవరన్న కూసోని తొక్కుతుండ్రా?" అన్నాడు. రాఘవేందర్ అందరికీ ఓపికగా చెప్పేవాడు. వనజ ఏదైనా అడిగితే మాత్రం, "ఇంటర్ సగంల ఇడిసినోళ్ళకు గివన్ని సమజ్ కావు, ప్లగ్గు పెట్టుడు పీకుడు తెలిస్తే చాలు" అనేవాడు. ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో ఆమెను పెళ్ళిపీటల మీదకు తెచ్చింది ఈ ఇంటివాళ్ళే. ఆ మాట ఎవరూ తలచుకోరు.

అట్లా ప్లగ్గు పని ఆమెదైంది. రాత్రి పెట్టాలి, పొద్దున తీయాలి, పెరటి నుంచి బండి దాకా పోయే వైరు వానకు తడవకుండా ప్లాస్టిక్ కవరు చుట్టాలి, పిల్ల చేయి పెట్టకుండా ప్లగ్గుకు అడ్డం ముక్కాలిపీట పెట్టాలి. పడుకున్నాక కూడా లేచి వెళ్ళి గోడ వేడెక్కిందేమోనని అరచేత్తో ముట్టి చూసేది. ఒకవేళ అంటుకుంటే? ఒకవేళ పిల్ల తనకంటే ముందు లేస్తే? ఇంట్లోని రెండు మగ్గాలకు నూలు కండెలు చుట్టడం, వంట, అంట్లు, పిల్ల, వాటికి తోడు ఇదొకటి. నీళ్ళకాడ ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు: "ఏం వనజా, బండికి అన్నం పెట్టినవా?" ఆమె కూడా నవ్వేది. ఇంటికి వచ్చాక ఆ మాట ఎందుకో మెడ కింద చెమటలా అంటుకుని ఉండేది.

బయలుదేరేటప్పుడు రాఘవేందర్ స్టీరింగు ముందు తెర మీద బ్యాటరీ అంకె చూసి ఆగిపోయాడు. "అరవై రెండేంది? నిండలేదా?"

స్విచ్చు వేయలేదని వనజకు అప్పుడు గుర్తొచ్చింది. చెబుదామని నోరు తెరిచింది.

"కరెంట్ పోయినట్టుంది తియ్యిరా. కొల్లాపూర్ పోనీకి సాలదా?" అంది అత్త ముందు సీట్లో సర్దుకుంటూ.

"సాలుతది, ఎందుకు సాలదు!" అన్నాడతను. వనజ తెరిచిన నోరు మూసుకుని, శ్రీమంతం చీర ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. జరీ అంచు ఆకుపచ్చ చీర అది. దాని కండెలన్నీ ఆమె చుట్టినవే. "మా చెల్లెకు నేను నేయించిన చీర" అని అతను ఫోన్లో నలుగురికి చెప్పాడు.

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతున్నప్పుడు అత్త దండం పెట్టుకుంది. వనజ మాత్రం రెండు సీట్ల సందులోంచి తెర మీద అంకెనే చూస్తోంది. అది తగ్గుతున్నకొద్దీ ఒళ్ళోని సంచీని ఇంకా గట్టిగా పట్టుకుంటోంది. వనపర్తిలో రాఘవేందర్ దోస్తు భాస్కర్ ఎదురొచ్చాడు. బండి నడిపి చూస్తానన్నాడు. ఇద్దరూ కలిసి పెద్దరోడ్డు ఎక్కి ఎంత దూరం పోయారో, ఎంత జోరుగా పోయారో తెలియదు. టీకొట్టు ముందు బల్ల మీద అత్తాకోడళ్ళు, పిల్ల కూర్చునే ఉన్నారు. తిరిగి వచ్చినప్పుడు వనజ చూస్తే తెర మీద అంకె బాగా పడిపోయి ఉంది. ఊరు దాటే ముందు ఒక హోటల్ పక్కన ఛార్జింగ్ పెట్టే చోటు కనిపించింది. ముందు సీటు దాకా వంగి మెల్లగా అంది, "ఈడ జరసేపు పెట్టుకుంటే?"

రాఘవేందర్ పళ్ళ సందులోంచే మాట్లాడాడు. "భాస్కర్‌గాడు ఎనుకనే మోటార్ సైకిల్ మీద వస్తుండు. వాని ముంగట గంటసేపు నిలబడి ఛార్జింగ్ పెట్టుకోవాల్నా? ఇజ్జత్ తీస్తవా?"

ఇజ్జత్ తీయడం ఆమెకు ఇష్టం లేదు. పొద్దున తను చేసిన పనికి ఇప్పుడు పెదవి విప్పే హక్కు కూడా లేదనుకుంది. వెనక్కి జారి కూర్చుంది.

పానగల్ దాటి కొంత దూరం పోయాక బండి జోరు తగ్గింది. తెర మీద ఎర్రగా ఏదో వెలిగింది. ఎంత తొక్కినా నడిచే మనిషి కంటే ముందుకు పోవడం లేదు. ఏసీ బంద్ అయింది. ఒక చిన్న ఊరి మొదటి ఇళ్ళ దగ్గర అది పూర్తిగా ఆగిపోయింది. ఆదివారం కావడంతో రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్ళంతా లేచి వచ్చారు.

"ఏమైంది సార్? డీజిలా?"

"డీజిల్ గాదు. ఛార్జింగ్."

"ఛార్జింగా!" ఒకతను అద్దంలోంచి లోపలికి తొంగి చూశాడు. "టార్చిలైటు సెల్లులు రెండేస్తే నడుస్తదా మరి?"

గొల్లున నవ్వారు. రాఘవేందర్ చెవులు ఎర్రబడడం వెనక నుంచి వనజకు కనిపించింది. అప్పుడే అత్త, ఎవరినో కాపాడుతున్నట్టు అంది, "పొద్దుగాల మిషన్ తిరిగిన సప్పుడు ఇన్న నేను. బొంతలు గూడ తీగ మీద ఉండె. ప్లగ్గు గాని పీకినవా వనజా?"

ఆమె పిల్లను దగ్గరికి హత్తుకుంది. "భవ్య పక్క ఖరాబ్ జేసింది అత్తమ్మా. మల్ల పెట్టిన. పెట్టిన గని..."

ఆ మాట పూర్తి కాలేదు. రాఘవేందర్ తలుపు తీసి కిందికి దిగి, నవ్వినవాళ్ళ వైపు తిరిగి తనూ నవ్వాడు. "మా ఇంటామె పుణ్యం అన్నా. రాత్రంత ఛార్జింగ్ పెడితే పొద్దుగాల ప్లగ్గు పీకి బొంతలు ఉతుక్కున్నది. ఏం జేస్తం చెప్పుండ్రి."

"బొంతలు ఉతికిందంట!" ఆ మాట ఒకరి నోటి నుంచి ఒకరికి పోయింది. ఇంతసేపూ బండిని చూస్తున్న కళ్ళన్నీ వెనక సీటు వైపు తిరిగాయి. వనజకు ఒళ్ళు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. బొంతలెందుకు ఉతికిందో కూడా వాళ్ళకు తెలిసిపోయినట్టు, ఆ వాసన తన చీరలోంచే వస్తున్నట్టు అనిపించింది. నిజమే కదా. నేనే పీకిన కదా. స్విచ్చు నేనే మరిచిన కదా. ఆడబిడ్డ శ్రీమంతానికి పోయే రోజే నా మణికట్టు నొయ్యాల్నా? ఇంత మగమనిషిని నలుగురిలో నవ్వులపాలు చేసిన. ఇట్లా తనను తానే తిట్టుకుంటుంటే, వనపర్తిలో రోడ్డు పక్కన కనిపించిన ఆ ఛార్జింగ్ చోటు ఒక్కసారి కూడా ఆమెకు గుర్తు రాలేదు.

"గిర్నోళ్ళ ఇంటికి తోలుండ్రి" అన్నాడు ఒక పెద్దమనిషి. "గా హన్మమ్మోళ్ళింట్ల పెద్ద ప్లగ్గు ఉంటది. ఊర్ల ఇంకెవ్వలకు లేదు."

పదిమందీ పట్టి బండిని నెట్టారు. పెళ్ళికొడుకు ఊరేగింపని ఎవరో అరిస్తే మళ్ళీ నవ్వారు. వనజ పిల్లను చంకనేసుకుని, చీర సంచీ పట్టుకుని, తల వంచుకుని దాని వెనక నడిచింది.

హన్మమ్మ ఇల్లు రోడ్డుకు మూడో ఇల్లు. ముందు రేకుల కింద చిన్న పిండిగిర్ని తిరుగుతోంది. హన్మమ్మ నలభై దాటిన మనిషి. వెంట్రుకల మీద, కనురెప్పల మీద జొన్నపిండి. అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు జొన్నల డబ్బాలు పెట్టుకుని కూర్చున్నారు. రాఘవేందర్ సంగతి చెప్పాడు. "అర్ధగంట పని అక్కా. అంతే."

హన్మమ్మ తిరుగుతున్న గిర్నిని చూసింది, అరుగు మీది డబ్బాలను చూసింది. "గిర్ని ఆపాల్నా మరి? ఒక్కటే ఉన్నది ప్లగ్గు."

"దూరపోళ్ళం తల్లీ. బిడ్డ శ్రీమంతానికి పోతున్నం" అంది అత్త.

ఆ మాటతో హన్మమ్మ గిర్ని ఆపింది. ప్లగ్గు పీకింది. గోడ మీద పేరుకున్న పిండిని కొంగుతో శుభ్రంగా తుడిచి, "పెట్టుకోండ్రి" అని పక్కకు జరిగింది.

ఆ కొంగును చూసి వనజ నిలబడిపోయింది. కారు వచ్చిన రోజు తను కూడా అట్లాగే చేసింది. మిషన్ పక్కకు జరిపి, గోడ మీది సబ్బు మరకలు తడిగుడ్డతో తుడిచి, రాఘవేందర్‌కు దారి ఇచ్చి పక్కకు జరిగింది. అప్పుడు అది ఏమీ కానట్టు ఉండింది. ఇంకొక ఆడమనిషి చేస్తుంటే చూడలేకపోతోంది.

అర్ధగంట అయింది. గంట దాటింది. డబ్బాలు పెట్టుకున్నవాళ్ళలో ఒకామె, "పొలంల కూలోళ్ళున్నరు, రొట్టెలు జెయ్యాలె" అని డబ్బా ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఇంకొకామె చీర మీద చీమను దులుపుకున్నట్టు వనజ వైపు ఒక చూపు చూసి ఆమె వెనకే పోయింది. వచ్చేవాళ్ళు వాకిట్లో నుంచే, "కరెంట్ లేదా?" అని అడుగుతున్నారు. "ఉన్నది. బండి తాగుతున్నది" అని అరుగు మీది ముసలమ్మ జవాబిస్తోంది. ప్రతి మాటకూ వనజ ముఖం మండింది. ఎవరూ తనను ఏమీ అనడం లేదు. అంటే బాగుండేది.

పిల్ల ఎందుకు వాడిపోయిందో అత్తను అడిగి తెలుసుకుని, హన్మమ్మ భవ్యకు గ్లాసులో పలుచని మజ్జిగ, చిటికెడు ఉప్పు వేసి తెచ్చింది. "కడుపు జారిన పిల్లకు నీళ్ళు తాపాలె బిడ్డా. ఊకె ఉంచొద్దు." వనజకు కూడా ఒక గ్లాసు ఇచ్చింది. అది చేతిలో పట్టుకుందే కానీ తాగలేకపోయింది.

"ఆదివారం బాగొస్తరా అక్కా గిర్నికి?"

"ఆదివారమే వస్తరు బిడ్డా. మిగిలిన దినాలు అందరు పనులకు పోతరు గద." అందులో నిష్ఠూరం ఏమీ లేదు. రేపు వాన పడుతుందేమో అన్నట్టు చెప్పింది. ఆ తర్వాత వనజ పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది. "ఇంతకు బొంతలు ఆరేసొచ్చినవా?"

పొద్దున్నుంచి బొంతల మాట అందరి నోళ్ళలో తిరిగింది. అవి ఆరేసిందా లేదా అని అడిగినవాళ్ళు లేరు. వనజ ఆమె వైపు తిరిగి చూసింది. తల ఊపింది.

"ఎండ మంచిగున్నది. ఆర్తయి తియ్యి" అంది హన్మమ్మ. వనజ కుడి చెయ్యి తీసుకుని ఉబ్బిన మణికట్టును తిప్పి చూసింది. ఆమె మణికట్టు కూడా అట్లాగే ఉంది.

రాఘవేందర్ వేపచెట్టు నీడలో మంచం వాల్చుకుని ఫోన్లో మాట్లాడుతున్నాడు. "ఆఁ భాస్కర్, ఏం లేదురా, టీ తాగనీకి ఆగినం. బండి సూపర్." వనజ లేచి కారు దగ్గరికి పోయి తెర చూసింది. ఇరవై దాటింది. కొల్లాపూర్ ఇక్కడికి ఎంతో లేదు. మంచం దగ్గరికి వచ్చింది.

"కొల్లాపూర్‌కు ఇది సాలు గదా?"

"సాలుతది. సాలితే? మల్ల రావొద్దా? ఆడ మాలతి అత్తగారింట్ల ప్లగ్గు అడిగితే మంచిగుంటదా? కారేసుకోని వచ్చి కరెంట్ అడుక్కుంటుండ్రని నవ్వరా? ఈడనే నిండని. ఎవ్వలకు తెల్వదు."

"ఈళ్ళ గిర్ని ఆగింది."

"ఏదన్న ఇద్దాం తియ్యి. నువ్వు పోయి కూసో. ఇప్పటికి జేసింది సాలదా?"

ఆమె పోయి కూర్చుంది. కూర్చున్నాక కూడా ఆ మాట చెవిలోనే ఉంది. ఈడనే నిండని, ఎవ్వలకు తెల్వదు. భాస్కర్‌కు తెలియకూడదు, వియ్యాలవారికి తెలియకూడదు. హన్మమ్మకు తెలిసినా ఫరవాలేదు. అరుగు మీది ముసలమ్మకు తెలిసినా, కూలోళ్ళ రొట్టెలు ఆగినా ఫరవాలేదు. ఇంట్లో తనకు తెలిసినా ఫరవాలేదు. వాళ్ళ ముందు ఇజ్జత్ పోదు, ఎందుకంటే వాళ్ళు లెక్కలో లేరు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు వనపర్తి. హోటల్ పక్కన ఖాళీగా నిలబడి ఉన్న ఆ చోటు. ఈడ జరసేపు పెట్టుకుంటే అని తను అడగడం. అరవై రెండు చూసి "సాలుతది" అన్నది ఎవరు? పెద్దరోడ్డు మీద దోస్తుతో చక్కర్లు కొట్టింది ఎవరు? పొద్దుటి నుంచి తలమీద మోస్తున్న సిగ్గులో తనది ఎంత, పరులు తన తలకెత్తినది ఎంత అని చూసుకుంది. స్విచ్చు మరిచింది తనే, అది తనదే. కానీ ఈ అరుగు మీద ఖాళీ అవుతున్న చోటును చూస్తూ, చేతిలో మజ్జిగ పట్టుకుని చప్పుడు చేయకుండా కూర్చోవడం ఉంది చూడు, అది బొంతలు ఉతకడం కంటే ఎక్కువ సిగ్గనిపించింది. ఆ సిగ్గు ఎవరూ తన తలకెత్తలేదు. ఊరికే కూర్చున్నంతసేపూ అది పెరుగుతూనే ఉంటుంది.

ముసలమ్మ డబ్బా ఎత్తుకోబోయి, నడుము పట్టుకుని మళ్ళీ కూర్చుంది. "అయిపాయెనా నాయినా?" అని మంచం వైపు చూసి అడిగింది.

"జర ఆగు అవ్వా, నిండుతున్నది" అన్నాడు రాఘవేందర్ ఫోన్ నుంచి తల ఎత్తకుండా.

వనజ మజ్జిగ మొత్తం ఒక్క గుక్కలో తాగేసింది. పిల్లను అత్త పక్కన కూర్చోబెట్టింది. గోడ దగ్గరికి పోయి స్విచ్చు ఆపింది. ప్లగ్గు గట్టిగా పట్టుకుని లాగింది. మణికట్టు కలుక్కుమంది. ప్లగ్గు ఇత్తడి కాళ్ళు వేడిగా ఉన్నాయి. చుట్టూ చూడలేదు ఈసారి. కింద పడి ఉన్న గిర్ని ప్లగ్గు తీసి, పిండి దులిపి, తనే గోడకు పెట్టింది.

"ఏయ్! ఏం జేస్తున్నవ్? ఎవ్వలు తియ్యమన్నరు?" రాఘవేందర్ మంచం మీంచి లేచాడు. కట్ట మీదివాళ్ళు ఇటు తిరిగారు. టార్చిలైటు సెల్లుల మాట అన్నతను కూడా ఉన్నాడు అందులో.

వనజ మంచం వైపు తిరిగింది. "పొద్దుగాల పీకింది నేనే. ఇప్పుడు గూడ నేనే పీకిన." కారు వైపు చెయ్యి చూపించింది. "కొల్లాపూర్‌కు సాలుతది. వనపర్తిల పెట్టుకుందామంటే భాస్కరన్న సూస్తడని ఆపలే. ఇంకా గావాల్నంటే మాలతి అత్తగారింట్ల అడుగుదాం. వాళ్ళు మనోళ్ళే గద."

ఎవరూ నవ్వలేదు. ఒకతను మాత్రం, "గట్లనా సంగతి!" అని మెల్లగా అన్నాడు. రాఘవేందర్ నోరు తెరిచి, కట్ట వైపు చూసి, మూసుకున్నాడు. అట్లా నోరు మూసుకోవడం ఎట్లా ఉంటుందో వనజకు బాగా తెలుసు. జాలి పడబోయి, పడకుండా వైరు వైపు తిరిగింది.

"పెట్టుకో అక్కా గిర్ని" అంది హన్మమ్మతో. "తప్పయింది."

హన్మమ్మ ఆమె కళ్ళలోకి చూసి స్విచ్చు వేసింది. గిర్ని గుర్రుమని అందుకుంది. ముసలమ్మ డబ్బా మూత తీసింది. వనజ మోచేతికీ బొటనవేలికీ మధ్య నూలు చుట్టినట్టు వైరు చుట్టి, కారు వెనక పెట్టింది. చేతులకు, చీరకు జొన్నపిండి అంటింది. దులుపుకోలేదు.

ఊరు దాటి మామిడితోటలు మొదలయ్యాక కారులో అత్త గొణిగింది. "నలుగుర్ల మొగని ఇజ్జత్ తీస్తివి గదనే."

వనజ ముఖం ఇంకా మండుతూనే ఉంది. ఇంటికి పోయాక ఏమేమి వినాలో ఆమెకు తెలుసు. ఒళ్ళో భవ్య నిద్రపోయింది. పిల్ల తలను భుజం మీదకు సర్దుకుని, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎదురుగా ఎన్నడూ అనని ‘నువ్వు’ అనే మాట వాడి, రాఘవేందర్ మెడ వెనక చూస్తూ చెప్పింది.

"నువ్వు ఇను. పెరటి గోడ ప్లగ్గు మిషన్‌ది. నీ బండికి మీటరు కాడినుంచి వేరే వైరు గుంజిచ్చుకో. రేపట్నుంచి దానికి అన్నం గూడ నువ్వే పెట్టుకో."